పలక ముక్కల కొట్టు

మా స్టీలు సామాన్ల కొట్టులో ఏ వస్తువుకైనా రెండు ధరలుంటాయి. నోటితో చెప్పేది ఒకటి, మనసులో పెట్టుకునేది ఒకటి. ఆ రెంటి మధ్య ఉండే సందులోనే మూడు తరాలుగా మా ఇంట్లో పొయ్యి వెలుగుతావుంది. మార్కాపురం ఆడవాళ్ళు ఆ సందులోకి దిగి, వాదించి, అలిగి, మెట్లు దిగిపోయి, మేం పిలిస్తే మళ్ళీ ఎక్కివచ్చి కొనుక్కుపోతారు. వాళ్ళకూ సంతోషం, మాకూ సంతోషం. నేను పుట్టి పెరిగింది ఆ గిన్నెల మోతలోనే. మాటలు రాకముందే నాకు పెదవి విరవడం వచ్చిందని నాయన అందరికీ చెప్తాడు.

అట్లాంటి కొట్టుకు ఒకరోజు ఒక నర్సు పిల్ల వచ్చింది. టీ గ్లాసులు కావాలంది. నేను నోటి ధర చెప్పినాను. ఆ పిల్ల పర్సు తీసి అంతా ఇచ్చేసింది.

నేను గ్లాసులు కట్టేది ఆపినాను.

"ఏమ్మా, అడగవా?"

"ఏం అడగాలక్కా?"

"తగ్గించమని."

"మీరు ధర చెప్పినారు కదా!"

గల్లాపెట్టె వెనక కూర్చున్న నాయన పేపరు దించి, ఆ పిల్లను కిందినించి పైదాకా చూసి, మళ్ళీ పేపరు ఎత్తుకున్నాడు. పేపరు మాత్రం వణుకుతావుంది. నవ్వు ఆపుకుంటన్నాడు.

గ్లాసులు ఎందుకని అడిగినాను. ఆ పిల్ల పనిచేసే సంస్థవాళ్ళకొక బండి ఉంది. మార్కాపురం, గిద్దలూరు, మధ్యలో కంభం, ఈ ఊర్ల రోడ్ల పక్కన మనసు చెదిరి, ఇల్లూ వాకిలీ లేకుండా తిరిగేవాళ్ళ దగ్గరకు పోతారు. పక్కన కూర్చుంటారు. టీ తాగుతారు. మాట కలిస్తే మాట్లాడతారు. వాళ్ళు ఒప్పుకుంటే వైద్యం మొదలుపెడతారు. "మేం ఏ గ్లాసులో తాగుతామో వాళ్ళకూ అదే గ్లాసులో ఇయ్యాలని, అందుకక్కా," అనింది.

బేరమాడకుండా పూర్తి ధర ఇచ్చిన మనిషికి ఏదో ఒకటి కొసరు వెయ్యకపోతే మాకు అన్నం సయించదు. "ఒక చెంచా వెయ్యమంటావా? చిన్న గిన్నె వెయ్యమంటావా?" అన్నాను.

ఆ పిల్ల పర్సు మూసి, "పొద్దున పూట ఒక గంట మీరే మాతో రాండక్కా. బజారంతా మీకు తెలుసు కదా," అనింది.

అట్ల నన్నే కొసరుగా వేసుకుపోయింది. బేరం రాదంట ఆ పిల్లకు!

బస్టాండు నించి పొదిలి రోడ్డు వైపు కొంచెం పోతే, మూతబడిన పలకల ఫ్యాక్టరీ గోడ ఒకటి ఉంది. ఆ గోడ పక్కన ఒకామె ఉండేది. యాభై దాటి ఉంటాయి. ఎక్కడినించి వచ్చిందో ఎవరికీ తెలీదు. పామూరు వైపు యాస అని ఒకరంటే, కాదు కనిగిరి అని ఇంకొకరు. గోడ లోపల కుప్పలుగా పడివున్న పలక ముక్కలు ఏరుకొచ్చి ముందర పెట్టుకుని కూర్చునేది. ఎవరన్నా రూపాయి బిళ్ళ వేస్తే తీసి రోడ్డు మీదికి విసిరేది. ఒక్కోసారి వేసినోళ్ళ మీదికే విసిరేది. గురి బాగా ఉండేది.

ఆమె ఎడమ మడమ మీద పుండుంది. అదీ మా కంగారు. ఈగలు ముసిరి, పాదం వాచి, నల్లబడతా వచ్చింది. "పుండు లోపలికి పోతావుందక్కా. తొందరగా శుభ్రం చెయ్యకపోతే కాలు మిగలదు," అని నర్సు పిల్ల మొదటి రోజే చెప్పింది. కాలు చూడనివ్వదు. టీ ఇస్తే గ్లాసు వంచి నేల మీద పోసేస్తుంది. మాత్ర చూపిస్తే మొహం తిప్పేస్తుంది. తనలో తాను ఎవరితోనో గొడవ పడతా ఉంటుంది. నర్సు పిల్ల మాత్రం రోజూ పోయి, ఆమె పక్కన నేల మీదే కూర్చుని, తన టీ తాను తాగి, "రేపొస్తాను పెద్దమ్మా" అని లేచి వచ్చేది. నేను కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని దూరంగా నిలబడేదాన్ని. సమాజసేవ అంటే అదే అనుకున్నాను.

రెండో వారానికే నాకు ఓపిక అయిపోయింది. "టీలో మాత్ర కలిపేస్తే పోలా?" అన్నాను.

"కలపకూడదక్కా. ఆమెకు తెలిసి, ఆమె మింగాల."

"మంచికే కదా కలిపేది!"

"కల్తీ చేసినోళ్ళంతా అదే అంటారు కదక్కా."

కల్తీ అన్న మాట ఒక వ్యాపారస్తురాలి ముందు అనింది చూడండి! మూడు తరాల కొట్టు! నాకు ఒళ్ళు మండింది.

"పోనీ, పదిమంది పట్టుకుని బండెక్కిస్తే?"

"దానికి పోలీసులు, మేజిస్ట్రేటు, ఒక పద్ధతి ఉంది. ప్రాణం మీదికొస్తే అదీ చేస్తాం. కానీ ఒకసారి అట్ల ఎక్కించినామంటే, నయమై తిరిగొచ్చినాక మా బండి చప్పుడు వింటేనే పారిపోతారు. మాత్ర ఎవరిస్తారు అప్పుడు?"

ఒకరోజు ఎండ గోడ దిగకముందే పోయినాం. ఆమె అప్పుడే లేస్తావుంది. సీసాలోంచి నీళ్ళు అరచేతిలో పోసుకుని ముందర నేల మీద చల్లింది. గోనెపట్ట దులిపి పరిచింది. పలక ముక్కలు పేర్చింది. పెద్దవి వెనక, చిన్నవి ముందర. అంచు విరగని నల్లటి ముక్క ఒకటి మాత్రం గోడకు ఆనించి, వచ్చేపోయేవాళ్ళకు కనపడేట్టు నిలబెట్టింది. ఆఖరికి గోనెపట్టను వేళ్ళతో తాకి కళ్ళకద్దుకుంది.

నర్సు పిల్ల మోచెయ్యి పట్టుకుని ఊపేసినాను.

"అమ్మా! ఆమె కొట్టు తెరిచింది!"

"ఏంది?"

"కొట్టు! అది కొట్టు! నీళ్ళు చల్లింది, సరుకు సర్దింది, మొక్కుకుంది. బోణీ కోసం కూర్చోనుంది!"

ఇంక నా నోరు ఆగలేదు. బోణీ కాకముందు మా నాయన చందాలవాళ్ళతో మాట్లాడడు. అరువు ఇయ్యడు. అల్లుడొచ్చినా నవ్వడు. తెల్లారి మొదటి బేరం జరిగేదాకా కొట్టులో కూర్చున్న మనిషికి ప్రపంచంతో వేరే పనే ఉండదు. మేమేమో సరిగ్గా ఆ వేళకే పోయి, ఇది ఊరికే తాగు, అది మింగు, కాలు చూపించు అంటన్నాం. వ్యాపారం చేసుకునే మనిషిని రోజూ బిచ్చగత్తె కింద జమకట్టి వస్తన్నాం.

నర్సు పిల్ల కళ్ళు మెరిసినాయి. "అంటే ఇయ్యడం కాదు, కొనాలి. పోండక్కా, మీకు అలవాటే కదా."

పోయినాను. కొంగు ముక్కు మీదినించి తీసి, ఆమె ఎదురుగా గొంతుక్కూర్చున్నాను.

"పెద్దమ్మా, ఈ పలక ఎట్లిస్తావ్?"

ఆమె తలెత్తింది. ఇన్ని రోజుల్లో నా మొహం చూడటం అదే మొదలు. ఎన్నాళ్ళనించో వాడని గొంతు, తలుపు కిర్రుమన్నట్టు వచ్చింది.

"ఏది?"

"నిలబెట్టింది."

"రెండు టీలు."

డబ్బులు కాదు, టీలు! పూర్వం ఊర్ల మీద బుట్ట ఎత్తుకు తిరిగేవాళ్ళు సరుకు గింజలకు అమ్మినట్టు. నాకు ఒళ్ళంతా ఒకటే హుషారు. చుట్టుపక్కల బస్సుల మోత కూడా వినపడలేదు.

"రెండు టీలా! విరిగిన పలకకా! ఒకటిస్తా."

"రెండు. రాయి చూడు. ఒక్క గీత ఉందేమో చూపించు."

"ఒక టీ, సగం బన్ను."

"బన్ను నువ్వే తిను. రెండు టీలు."

ఎంత బాగా పట్టు పట్టిందనుకున్నారు! అక్కడ నా బుద్ధి నా చేతుల్లో లేదు. పుండు మరిచిపోయినాను, నర్సును మరిచిపోయినాను. పుట్టినప్పటినించి చూసిన పని చేసినాను. "సరే పెద్దమ్మా, నీ సరుకు నీ దగ్గరే పెట్టుకో" అని చీర దులుపుకుని లేచి నడిచినాను.

అట్ల నడిస్తే వెనకనించి పిలుపు రావాల. అది బేరంలో భాగం. రాలేదు. నడక తగ్గించినాను. చెప్పు సర్దుకున్నట్టు వంగినాను. అప్పటికీ రాలేదు. తిరిగి చూస్తే, ఆమె పలక ముక్కలన్నీ గోనెపట్టలో వేసి మూటగట్టి, గోడవైపు తిరిగి పడుకుంది.

బోణీ బేరం కొనకుండా లేచిపోవడం కంటే చెడ్డపని మా బజారులో లేదు. మా కొట్టులో ఎవరన్నా అట్ల పోతే, నాయన పొద్దుగూకేదాకా గొణుగుతానే ఉంటాడు.

"ఏమైందక్కా?" అని పరిగెత్తుకొచ్చింది నర్సు పిల్ల.

"గెలవబోయినాను," అన్నాను.

"ఎవరి మీద?"

ఆ పిల్లకు ఇట్లాంటి ప్రశ్నలు ఎక్కడ దొరుకుతాయో!

మూట మరుసటి రోజూ విప్పలేదు. ఆ పైరోజూ విప్పలేదు. కాలు మాత్రం ఆగలేదు. వాపు చీలమండ దాటింది. బండిలో వచ్చిన డాక్టరు దూరం నించే చూసి, పెదవులు బిగించి, "ఈ వారం దాటితే నేనేం చెప్పలేను" అన్నాడు. ఆయన అన్నది నర్సుతోనే, కానీ నాకు నన్నే అన్నట్టుంది.

నాయనకు చెప్పినాను. ముందు పడీపడీ నవ్వినాడు. "పలక ముక్కకు రెండు టీలు ఇయ్యలేక లేచొచ్చినావా! నా కూతురే!" అన్నాడు. తర్వాత కళ్ళజోడు తుడుచుకుని, "బోణీ చెడగొట్టినోళ్ళు మళ్ళీ ఆ గడపకు పోకూడదు. ఇంకొకర్ని పంపాల. నువ్వు కనపడకుండా ఉండు," అన్నాడు.

ఆ సాయంత్రం నర్సు పిల్లను కొట్టులో కూర్చోబెట్టి బేరం నేర్పించినాను. బకెట్టు చేతికిచ్చి, "తగ్గించమను" అంటే, పాపం ఎవరి కాలో తొక్కినట్టు మొహం పెట్టి "తగ్గిస్తారా అండీ" అంటుంది. పెదవి విరవమంటే నవ్వుతుంది. నాయన చెయ్యెత్తి దండం పెట్టి, "ఈ తల్లికి బకెట్టు ఊరికే ఇచ్చి పంపెయ్యి" అన్నాడు.

మరుసటి పొద్దున నేను ఎదురు టీ బంకు వెనక దాక్కున్నాను. నర్సు పిల్ల పోయి, రోజూ కూర్చునే పక్కన కాకుండా, బేరగాళ్ళు కూర్చునే చోట, ఎదురుగా కూర్చుంది.

"పెద్దమ్మా, నాకొక పలక కావాల."

ఆమె గోడవైపు నించి ఇటు తిరిగింది. తర్వాత మూట ముడి కదిలింది. నేను బంకు రేకును గట్టిగా పట్టుకున్నాను.

"ఎంత?" అనింది నర్సు పిల్ల.

"రెండు టీలు."

"సరే."

అయిపోయింది! అంత నేర్పిస్తే, సరే అంట! నేను పిడికిలి కొరుక్కున్నాను. అవతల ఆమె కూడా కదలకుండా చూస్తావుంది.

"సరే ఏంది? అడగవా?"

"ఏమడగాల పెద్దమ్మా?"

"అయ్యో! ఈ పాపను ఒంటరిగా బజారుకు ఎవరు పంపినారు? ఒక టీ అను."

"ఒక టీ."

"కుదరదు! ఇప్పుడు ఒకటిన్నర అను."

"ఒకటిన్నర."

"అట్ల గొణగొద్దు. కొనేదానివి నువ్వు. మొహం చిట్లించు."

చిట్లించింది. అది మొహం చిట్లించడం కాదు, తుమ్మొస్తే పెట్టే మొహం. ఆమె నవ్వింది! పళ్ళు కనపడేట్టు, భుజాలు కదిలేట్టు నవ్వింది. నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను. బంకాయన, "ఏందక్కా, ఏడుస్తన్నావా?" అని అడిగినాడు. ఏడుస్తన్నానో నవ్వుతన్నానో నాకే తెలిస్తే కదా!

చివరికి బేరం రెండు టీల దగ్గరే తెగింది. రెండు గ్లాసులు వచ్చినాయి. ఆమె ఒకటి తీసుకుని, రెండోది నర్సు వైపు నెట్టి, "నువ్వు తాగు పాపా, బక్కగా ఉన్నావ్" అనింది. నేల మీద పోయలేదు. తాగింది.

ఖాళీ గ్లాసు కింద పెట్టి నర్సు పిల్ల నేరుగా అడిగేసింది. "పెద్దమ్మా, నేను నర్సును. నీ కాలు చూసి కట్టు కట్టాల. చూపిస్తే ఏం తీసుకుంటావ్?"

ఆమె కాలు వెనక్కి లాక్కుంది. గోడకేసి చూసి ఎవరినో తిట్టింది. మళ్ళీ ఇటు తిరిగి, "కొత్త గోనెపట్ట," అనింది.

మా కొట్టులోనే ఉన్నాయి గోనెపట్టలు. పరుగున పోయి తెచ్చినాను, బంకాయన చేతికిచ్చి పంపినాను. కట్టు పడింది. ఆ మరుసటి రోజు మాత్ర బేరం. నర్సు పిల్ల మాత్రను అరచేతిలో పెట్టి చూపించి, "ఇది మనసు కుదుటపడే మాత్ర. నీ చెవిలో గొడవ చేసేవాళ్ళు నెమ్మదిస్తారు. నిద్ర పడుతుంది. కానీ నోరు ఎండిపోతుంది, కొంచెం మబ్బుగా ఉంటుంది," అనింది. నేను బంకు వెనక నెత్తి కొట్టుకున్నాను. సరుకులో లోపం ముందే చెప్పేవాళ్ళు ఎక్కడన్నా ఉంటారా?

ఆమె మాత్రను ఇటూ అటూ తిప్పి చూసింది. "లోపం చెప్పి అమ్మేదాన్ని నిన్నే చూసినా," అనింది. మింగింది.

ఇంక మిగిలింది ఒంగోలు. పుండును లోతుగా శుభ్రం చెయ్యాలంటే పెద్దాసుపత్రికి పోవాల్సిందే. అక్కడుండాల్సిందే. కాలు నిలవచ్చు, నిలవకపోవచ్చు, అది కూడా దాచకుండా చెప్పింది నర్సు పిల్ల. బండి పక్కనే తలుపు తీసి పెట్టివుంది.

"కొట్టు మూయను," అనింది ఆమె.

"మూయొద్దు పెద్దమ్మా. నువ్వొచ్చేదాకా ఎవర్నన్నా కూర్చోబెడతాం."

ఆమె చెయ్యెత్తి నేరుగా టీ బంకు వైపు చూపించింది. "అదిగో, అక్కడ దాక్కుంటుంది చూడు రోజూ. బోణీ చెడగొట్టింది. దాన్ని కూర్చోబెట్టు. నా చోట్లో. కింద."

నర్సు పిల్ల నా వైపు తిరిగి కూడా చూడలేదు. "సరే," అనింది.

ఒక్క మాట తగ్గించమని అడగలేదు! స్టూలు వెయ్యొచ్చా అని కూడా అడగలేదు! నేను బంకు వెనకనించి బయటికొచ్చి, దొంగ దొరికినట్టు రోడ్డు దాటినాను. ఆమె నర్సు భుజం పట్టుకుని లేచింది. ఎడమ కాలు నేల మీద మోపలేక పళ్ళు బిగించింది. బండి మెట్టు దగ్గర ఆగిపోయింది. వెనక్కి తిరిగి నన్ను చూసింది.

"నిలబెట్టిన ముక్క రెండు టీలకు తగ్గించొద్దు," అని చెప్పి ఎక్కింది.

అట్ల నేను పొదిలి రోడ్డు మీద నేల మీద కూర్చుని పలక ముక్కలు అమ్మినాను. పొద్దున మాత్రమే, ఆ తర్వాత మా కొట్టు. ఆటోవాళ్ళు హారన్ కొట్టి మరీ పలకరించేవాళ్ళు. "ఏందక్కా, స్టీలు పోయి రాయి పట్టినావ్?" మా వీధి ఆడవాళ్ళు కొందరు పని కట్టుకుని వచ్చినారు. ఇన్నేళ్ళుగా నా దగ్గర ఓడిపోయిన బేరాలన్నీ ఆ పలక ముక్కల మీద తీర్చుకోవాలని చూసినారు. నేనెవరిని! ఒక్క గుక్క కూడా తగ్గించలేదు. గిద్దలూరు బస్సు కోసం నిలబడ్డ టీచరమ్మ ఒకామె చిన్న ముక్క కొనింది. కండక్టరు ఒకతను పెద్దది కొన్నాడు. వచ్చిన టీలన్నీ తాగీ తాగీ కడుపులో మంట పట్టుకుంది. నాయన వచ్చి, దూరంగా నిలబడి, చేతులు కట్టుకుని చూసి, "సరుకు సర్దడం ఆమెకొచ్చినట్టు నీకు రాలేదు" అని తీర్పు చెప్పి పోయినాడు.

సాయంత్రం కాగానే, ఒంగోల్లో ఆమెకు తోడున్న నర్సు పిల్లకు ఫోను చేసేదాన్ని. "కాలు?"

"ఇంకా చూస్తన్నారక్కా."

ఇంకో రోజు. "కాలు?"

"రెండు వేళ్ళు తీసెయ్యాలంటన్నారు. మిగతాది చెప్పలేం."

ఆ రోజు మా కొట్టులో నేను నోటి ధర చెప్పాల్సింది మనసులో ధర చెప్పేసినాను. నాయన ఆ ధరకే కట్టి ఇచ్చేసినాడు.

తర్వాత ఒక పొద్దున, గోనెపట్ట ముందర కూర్చునుండగానే ఫోను మోగింది. అటునించి నర్సు పిల్ల. "అక్కా, కాలుంటుంది! రెండు వేళ్ళతో సరిపోయిందని డాక్టరు ఇప్పుడే చెప్పినాడు. కాలుంటుందక్కా!"

నేను లేచి నిలబడి అరిచినాను. ఏమని అరిచినానో తెలీదు. బంకాయన టీ గిన్నె దించి పరిగెత్తుకొచ్చినాడు, ఆటోలు ఆగినాయి. ఎవరో గోడ దగ్గర నా మీద దొంగలు పడ్డారని నాయనకు చెప్పినారు. ఆయన గల్లాపెట్టె తాళంచెవి బొడ్లో దోపుకుని రొప్పుకుంటా వచ్చి, సంగతి విని, "దీనికింత గోలా" అని నన్ను తిట్టి, బంకు దగ్గర నిలబడినోళ్ళందరికీ టీలు చెప్పినాడు. మా నాయన! ఎవరూ అడక్కుండానే!

ఆమె తిరిగొచ్చిన రోజు బండి వచ్చి గోడ పక్కన ఆగింది. తలుపు తెరుచుకుంది. ముందు ఒక చేతికర్ర దిగింది. తర్వాత కుడికాలు, తర్వాత ఎడమకాలు, రెండూ చెప్పుల్లో. జుట్టు దువ్వివుంది. మొహం నిండుగా ఉంది. ఊర్లోనే ఒక ఆశ్రమంలో పడుకోవడానికి చోటు చూసినారంట. పగలు ఎక్కడ ఉంటావని అడిగితే, "నా కొట్టులో" అనిందంట. మాత్ర పొట్లం కొంగున ముడేసుకుని ఉంది.

కుంటుకుంటానే వచ్చి, నా ముందర నిలబడి, సరుకంతా ఒక చూపు చూసింది.

"కండక్టరుకు పెద్దది అమ్మినావంట. ఎంతకు?"

ఎవరు చెప్పినారో! "రెండు టీలు," అన్నాను, కొంచెం గర్వంగానే.

"పెద్దదా? రెండా? మూడు రావాల దానికి." కర్రతో నా మోకాలు తట్టింది. "లెయ్. నా చోటు ఖాళీ చెయ్యి."

మా వంశంలో ఎవర్నన్నా కొట్టు ఖాళీ చెయ్యమంటే కోర్టులదాకా పోతాం. నేను చెప్పులు చేత్తో పట్టుకుని లేచిపోయినాను.